దూరమా, దగ్గరా

ఫిబ్రవరి 6

అమ్మాయికి పెదనాన్న రాసేది.

క్షేమసమాచారాలు మీ నాన్న రాస్తాడు. బట్టలు కుట్టించుకునేవాళ్లు లేక మా తమ్ముడికి చేతినిండా తీరిక. నేను ఫొటోల సంగతి రాస్తాను. నీ కవరు నిన్న అందింది. ఫుట్‌బాల్ ఫొటోలన్నీ చూశాను. ఒక్కటీ బాగాలేదు.

గోలు కాసే గోలీ గాల్లోకి లేచాడు. సరిగ్గా సమయానికి నొక్కావు, కాదనను. కానీ వాడి చేతులకు వేళ్లేవి? పిండిముద్దల్లా ఉన్నాయి. బంతి బంతిలా లేదు, ఉతికి ఆరేసిన టోపీలా ఉంది. వెనకున్న జనం ఉత్త బూడిద. ఒక్క ఫొటో అలా వస్తే చెయ్యి జారిందనుకుంటాను. కవరు మొత్తం అంతే ఉంటే ఏమనుకోవాలి?

నీకిచ్చిన ఆ పొడుగు లెన్సు నువ్వు పుట్టకముందు నుంచి నా చేతిలో పనిచేసింది. ఎండకీ వానకీ ఏమీ కాలేదు. కాబట్టి తప్పు దానిది కాదు. నీకు గ్రౌండులో నిలబెట్టి మరీ నేర్పాను. లెన్సు రింగు తిప్పుకుంటూ ఆటగాడి వెంట పడకూడదు. వాడు ఎక్కడికి వస్తాడో ముందే చూసుకుని, ఆ చోట ఫోకస్ పెట్టి, బొమ్మలా కూర్చోవాలి. వాడే వస్తాడు. రాకపోతే పోనీ, ఇంకొకడు వస్తాడు. ఇదంతా ఆ ఊరు వెళ్లగానే మర్చిపోయావా?

నాకు నీ కళ్ల మీద అనుమానంగా ఉంది. మీ అమ్మకి పెళ్లినాటికే కళ్లజోడు. ఆ పోలిక నీకూ వచ్చిందేమో, వెళ్లి చూపించుకో. ఇది కళ్ల మీద బతికే పని. కళ్లు సరిగా లేవని తెలిస్తే పత్రికవాళ్లు ఓ టీ తాగించి పంపేస్తారు.

ఇక్కడ కరెంటు బాగా తగ్గిపోయింది. గదిలో పగలే దీపాలవేళలా ఉంటోంది. కింద సైకిలు షాపు మేస్త్రీని అడిగితే "బాగానే ఉందిగా పెద్దాయనా" అంటాడు. వాడు గ్రీజులో మునిగి మునిగి వెలుగంటే ఏమిటో మర్చిపోయాడు. కొత్త బల్బు పెట్టాను, అదీ గుడ్డిదే దొరికింది. అందుకే అక్షరాలు ఇంతింత రాస్తున్నాను. నాకు చదువు ఎంత వచ్చో నీకు తెలుసు, తప్పులు నువ్వే దిద్దుకో.

ఫోను చెయ్యకు. ఫోనులో తిడితే గాలికి పోతుంది.

పెదనాన్న


ఫిబ్రవరి 15

పెదనాన్నకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక ఆ పూట భోజనం సహించలేదు. నా దగ్గరున్న కాపీలు తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. భూతద్దం పెట్టి చూశాను. నాకు గోలీ వేళ్లు కనిపించాయి. చేతి తొడుగు కుట్లు కూడా కనిపించాయి. కానీ మీరు లేవంటే ఉన్నాయని ఎలా అంటాను? మళ్లీ చూశాను. నాలుగోసారో అయిదోసారో చూసేసరికి నాకూ కాస్త మెత్తగా ఉన్నట్టే అనిపించింది.

ఇక్కడి సంగతి చెప్తాను. ఆటల పేజీ చూసే ఎడిటరు గారు మంచివారే, కానీ మాట కత్తిరించినట్టు ఉంటుంది. మొదటిరోజు నా కెమెరాకి తగిలించిన మీ లెన్సు చూసి, "ఇదేమిటి, ఊరగాయ జాడీనా?" అన్నారు. ఫొటోలు చూశాక మాత్రం ఆ మాట మళ్లీ అనలేదు. "అందరూ రంగుల్లో ఒకటే రకం తెస్తున్నారు. నువ్వు శనివారం శనివారం నాకు అరపేజీ బ్లాక్ అండ్ వైట్ ఇవ్వు. ఏప్రిల్‌లో పరుగుపందేల ఫైనల్స్ దాకా చూస్తాను. బాగుంటే ఉద్యోగం ఖాయం చేస్తాను" అన్నారు. అంటే ఫైనల్స్ దాకా నేను ఇక్కడ అతిథినన్నమాట.

మిగతా ఫొటోగ్రాఫర్లవి తమంతట తామే ఫోకస్ పట్టే కెమెరాలు. ఒకాయన నా పక్కనే నిలబడి, "ఏమ్మా, ఆ ఫిరంగి మ్యూజియంలో ఎప్పుడు తిరిగిచ్చేస్తావ్?" అన్నాడు. "మీ కెమెరా మొన్న ఆట వదిలేసి రిఫరీ బట్టతల మీద ఫోకస్ పెట్టింది కదన్నా, ముందు దాని సంగతి చూడండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఈ కవర్లో కుస్తీ పోటీలవి, సైకిలు పందెంవి పెడుతున్నాను. ఈసారి చాలా జాగ్రత్తగా తీశాను. మీరు బాగుందంటే నాకు ధైర్యం.

కరెంటు సంగతి నాన్నని చూడమంటాను.

మీ అమ్మాయి


మార్చి 2

అమ్మాయికి,

బాగాలేవు. పోయినసారి కన్నా అన్యాయం.

కుస్తీలో ఇద్దరున్నారా, ముగ్గురున్నారా? ఎవడి కాలు ఎవడిదో నాకు అంతు పట్టలేదు. సైకిలు పందెం ఫొటో తిరగేసి కూడా చూశాను. చక్రానికి పుల్లలే లేవు. పరిగెత్తే చక్రానికి పుల్లలు కనపడవని నాకు చెప్పకు, నేను చక్రాలు తీసినవాణ్ణి. కనీసం వాడి మొహమైనా ఉండాలి కదా. మొహం ఉండాల్సిన చోట తెల్లమచ్చ ఉంది.

నిజం చెప్పు. నిద్ర పోతున్నావా? అక్కడ ఎవడైనా మనసులో పడ్డాడా? పడితే పడ్డాడు, అది మీ అమ్మానాన్నల గొడవ. చేతులు వణికేదాకా తెచ్చుకోకు. లేక కళ్లేనా? ఆసుపత్రికి వెళ్లమన్న మాటకి నువ్వు జవాబే రాయలేదు. దాచిపెడుతున్నావని నాకు బెంగగా ఉంది. ఆ బెంగతోనే ఎటో నడుస్తుంటే మొన్న సందు మొదట్లో ఒకడు సైకిలు తెచ్చి మోకాలికి గుద్దాడు. కళ్లు మూసుకుని వస్తున్నాడు వెధవ. పైగా, "చూసుకోవద్దా తాతా?" అని నన్నే అడిగాడు. మోకాలు వాచింది, తగ్గింది. మీ నాన్నకి చెప్పకు, వచ్చి కూర్చుంటాడు.

ఈ టీ కొట్టువాడు కూడా గ్లాసులు బాగా చిన్నవి చేసేశాడు. పెట్టిన చోట ఉండవు, చెయ్యి తగిలితే ఒలికిపోతాయి.

ఒక మాట విను. నా లెన్సులు చేత్తో తిప్పగలిగింది మన ఇంట్లో నువ్వొక్కదానివే. మీ అన్నకి ఇస్తే వాడు కాగితాల మీద బరువుగా పెట్టుకునేవాడు. నేను నీకిచ్చింది నీ చెయ్యి చూసి, నీ కన్ను చూసి. ఆ కన్ను పోతే అవి పాత ఇనుము. ఇంకొక కవరు చూస్తాను. అదీ ఇలాగే ఉంటే లెన్సులు వెనక్కి పంపెయ్. పత్రికవాళ్లిచ్చిన కెమెరా తీసుకుని అందరిలా బతుకు. నా లెన్సుతో తీసిన మసక ఫొటో కింద నీ పేరు నేను చూడలేను.

ఎన్నడూ లేనిది రెండు కాగితాలు రాశాను. అర్థం చేసుకో.

పెదనాన్న


మార్చి 14

పెదనాన్నకు,

వెళ్లాను. చూపించుకున్నాను. గోడ మీద అక్షరాలు చివరి వరస దాకా చదివి, దాని కింద అచ్చు వేసినవాళ్ల పేరు కూడా చదివాను. "అమ్మా, అది పరీక్షలో లేదు" అన్నాడు డాక్టరు. రెండు కళ్లూ బాగున్నాయని కాగితం ఇచ్చాడు. మనసులో ఎవరూ లేరు. నిద్ర మాత్రం మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి లేదు.

కళ్లు బాగున్నాయంటే తప్పు ఇంకెక్కడో ఉంది కదా? అదే నన్ను తినేస్తోంది. మొన్న హర్డిల్స్ పందెం. ఎప్పటిలాగే ఒక హర్డిల్ మీద ఫోకస్ పెట్టుకుని కూర్చున్నాను. ఆడపిల్లలు వస్తున్నారు. సరిగ్గా ఆ క్షణంలో మీ తెల్లమచ్చ గుర్తొచ్చింది. ఫోకస్ ముందుకు ఉందేమో అనిపించింది. రింగు తిప్పాను. ఎక్కువైందేమో అని వెనక్కి తిప్పాను. వాళ్లు వెళ్లిపోయారు. ఇలా నా చేతిలో ఎప్పుడూ జరగలేదు.

ఎడిటరు గారు తెర మీద ఒక్కొక్కటే పెద్దది చేసి చూశారు. "ఏమైంది నీకు?" అన్నారు. నేనేం చెప్పను? "ఈ శనివారం అరపేజీ రంగుల్లో వేరేవాళ్లది వేస్తున్నా. ఫైనల్స్‌కి ఆఫీసు కెమెరా కూడా పట్టుకెళ్లు. అక్కడా ఇలాగే అయితే ఉద్యోగం మాట మర్చిపోదాం" అన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

హర్డిల్స్‌తో సహా అన్నీ పెడుతున్నాను. ఎక్కడ పోతోందో మీరే చెప్పాలి. లెన్సు లోపల ఏదైనా కదిలిందేమోనని కూడా చూస్తున్నాను. పెదనాన్నా, లెన్సులు పంపమని మాత్రం అనకండి.

మోకాలు ఇంకా నొప్పిగా ఉందా? నాన్నకి చెప్పేశాను. తిట్టండి.

మీ అమ్మాయి


మార్చి 24

అమ్మాయికి,

మీ నాన్న వచ్చి కూర్చున్నాడు. నేను చెప్పినట్టే అయింది. మోకాలు చూస్తాడు, బల్బు చూస్తాడు, నా మొహం చూస్తాడు. వెళ్లడు.

కవరు సంగతి. హర్డిల్స్ ఫొటో కాస్త నయం. కనీసం మనుషులు గాల్లో ఉన్నారని తెలుస్తోంది. ఎడిటరుకి ఏం నచ్చలేదో నాకు తెలియదు, అతనికి చూపు తక్కువేమో.

అన్నిట్లోకీ ఘోరం ఆ హైజంప్ ఫొటో. అది నువ్వే తీశావా? దూకేవాడు మబ్బుతునకలా ఉన్నాడు. కర్ర ఎక్కడుందో తెలియదు. వెనకాల నల్లగా ఉన్నది షెడ్డో, చెట్టో, వర్షమో దేవుడికి తెలియాలి. ఇది తీసినవాడికి కెమెరా పట్టుకోవడం రాదు. నా దగ్గర పనికి వచ్చినవాడెవడైనా ఇలా తీసి ఉంటే ఆ రోజే ఇంటికి పంపేవాణ్ణి.

నువ్వు డాక్టరు కాగితం చూపించావు. కాగితం ఏం చూస్తుంది? ఫొటో చెప్తోంది కదా. నేను గట్టి మాట రాస్తున్నానని ఏడవకు. నీ మీద నాకున్నంత బెంగ ఆ ఎడిటరుకి ఉండదు. నలుగురిలో పరువు పోకముందే వదిలెయ్యమంటున్నాను. వచ్చే ఆదివారం మీ నాన్న అక్కడికి వస్తాడు. లెన్సులు అతనికి ఇచ్చెయ్. పెట్టెలో బట్ట చుట్టి పెట్టు, బస్సులో కుదుపులుంటాయి.

పెదనాన్న


మార్చి 31

పెదనాన్నకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఎలా రాసినా మీకు కోపం వస్తుంది. అందుకని తిన్నగా రాస్తున్నాను.

ఆ హైజంప్ ఫొటో నేను తీయలేదు. మీరు తీశారు.

లెన్సు చెడిందేమోనని అనుమానం తీరక, లెన్సులతో పాటు మీరిచ్చిన డబ్బాలోంచి పాత నెగటివ్ ఒకటి తీశాను. మీరు ఎప్పుడూ ప్రింటు వేయనిది. అదే లెన్సు మీ చేతిలో ఎలా పనిచేసేదో చూద్దామని నా వాటితో పాటే, అదే సైజులో ప్రింటు వేయించాను. కవర్లో సర్దేటప్పుడు కలిసిపోయింది. కావాలని పెట్టలేదు. మీకు పరీక్ష పెట్టేంతదాన్నా?

వెనకాల ఉన్నది షెడ్డు కాదు, వర్షం కాదు. మన గ్రౌండులోని పాత చెక్క గ్యాలరీ. నేను పుట్టకముందే కూల్చేశారని మీరే చెప్పేవారు. ఏళ్ల తరబడి దాని నీడలో కూర్చునే కదా మీరు ఫొటోలు తీశారు. దూకేవాడి కాళ్లకు బూట్లు లేవు. కిందపడడానికి రంపపు పొట్టు పోసి ఉంది. దాని రేణువులు గాల్లో విడివిడిగా కనిపిస్తున్నాయి పెదనాన్నా. అతని గడ్డం కింద చెమటబొట్టు కనిపిస్తోంది. నేను ఇంత పదునైన ఫొటో ఇంతవరకూ తీయలేదు. మీకు అది మబ్బుతునకలా కనిపించింది. ఎడిటరు గారు పక్కన పడేసిన నా హర్డిల్స్ ఫొటో నయంగా కనిపించింది.

బల్బు మంచిదేనని నాన్న అన్నాడు. గ్లాసులు ఎప్పటివేనట. ఆ సైకిలు అబ్బాయి గంట కొడుతూనే వచ్చాడట, మేస్త్రీ చెప్పాడు.

నా కళ్లు కాదు. లెన్సులు నాన్నకి ఇవ్వలేదు. దయచేసి నాన్నతో ఆసుపత్రికి వెళ్లండి. ఆలస్యం చెయ్యకండి.

మీ అమ్మాయి


ఏప్రిల్ 6

నా ఫొటో నాకు తెలియదా?

నీ తప్పు కప్పుకోవడానికి నా కళ్లు దొరికాయా? ఇది మీ నాన్న, నువ్వు కలిసి ఆడిన నాటకం. నన్ను గుడ్డివాణ్ణి చేసి ఆ గది ఖాళీ చేయించి, మీ ఇంట్లో మూల కుర్చీలో కూర్చోబెట్టాలని అతనికి ఎప్పటి నుంచో ఉంది. నిన్న బయటికి పొమ్మన్నాను. పోయాడు.

లెన్సులు ఉంచుకో. పారేసుకో. నాకు ఇక ఫొటోలు పంపకు.


ఏప్రిల్ 15

పెదనాన్నకు,

మీరు వద్దన్నా రాస్తున్నాను. ఫైనల్స్ అయిపోయాయి.

ఆఫీసు కెమెరా భుజానికి వేసుకునే వెళ్లాను. రిలే పరుగులో కర్ర చేతులు మారే చోట కూర్చున్నాను. పొడుగు లెన్సే తగిలించాను. రెండుసార్లు ఆఫీసు కెమెరా మీద చెయ్యి వేశాను. పక్కన నిలబడ్డ ఆ ఫిరంగి అన్న, "ఈసారైనా నాలాంటి కెమెరా బయటికి తియ్యి తల్లీ, మీ ఎడిటరు అదిగో అక్కడే ఉన్నాడు" అన్నాడు. వెటకారంగా కాదు, జాలిగా అన్నాడు. ఆ జాలి భరించలేక తియ్యలేదు.

వాళ్లు వచ్చారు. నేను రింగు ముట్టుకోలేదు.

రెండు చేతులు, మధ్యలో కర్ర. ఇచ్చేసిన పిల్ల పడిపోబోతోంది, అందుకున్న పిల్ల ఇంకా వెనక్కే చూస్తోంది. ఎడిటరు గారు చూసి, "పేజీ పైనుంచి కిందిదాకా ఇదే. ఇంకేమీ వద్దు" అన్నారు. సోమవారం నుంచి నేను అతిథిని కాను.

ఈ కవర్లో ఫొటో పెట్టడం లేదు. కోపంతో కాదు. మీరు దీన్ని కూడా మసక అంటే ఈసారి నేను తట్టుకోలేను.

నాన్న మీ సందు చివర టీ కొట్టులో రోజూ కూర్చుంటున్నాడు. పైకి రావడానికి జంకుతున్నాడు. మీరు కిటికీలోంచి చూసినా గుర్తుపట్టడం లేదట. చెయ్యి ఊపుతున్నాడట.

మీ అమ్మాయి


ఏప్రిల్ 27

అమ్మాయికి పెదనాన్న రాసేది.

కాగితం మీద స్కేలు ఆనించి రాస్తున్నాను. లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఓపిగ్గా చదువుకో.

నీ కవరు విప్పాను. లోపల ఉత్తరం ఒక్కటే ఉంది. కవరు చించి కూడా వెతికాను. ఫొటో లేదు. నువ్వు పెట్టనని రాసిన మాట తర్వాత చదివాను. అది చదవడానికి పట్టపగలు వీధిలోకి వెళ్లాల్సి వచ్చింది. పత్రికవాడు ఫొటో వెయ్యకపోతే బాధపడింది ఉంది గానీ, నాకు ఫొటో పంపనన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

నా దగ్గర ఉంచుకున్న పాత కెమెరా తీశాను. మేస్త్రీని వెంటబెట్టుకుని స్కూలు గ్రౌండుకి వెళ్లాను. గోల్ పోస్టు మీద ఫోకస్ పెట్టబోయాను. రింగు ఇటు చివరిదాకా తిప్పాను. అటు చివరిదాకా తిప్పాను. ఎక్కడా నిలవలేదు. కెమెరా చెడిపోయిందనుకున్నాను. మేస్త్రీ చేతిలో పెట్టి, "పోస్టు సరిగ్గా కనపడేదాకా తిప్పరా" అన్నాను. వాడు తిప్పి, "ఇదిగో పెద్దాయనా, పోస్టుకి కొట్టిన మేకు కూడా కనిపిస్తోంది. పైన కాకి ఉంది" అన్నాడు. రింగు కదపకుండా తీసుకుని చూశాను.

నాకు పోస్టే లేదు. కాకి ఎక్కడిది.

అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. వాడు మంచివాడు. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని టీ కొట్టుకి తెచ్చాడు. అక్కడ ఒకడు లేచి నిలబడ్డాడు. మాట్లాడాక మీ నాన్న అని తెలిసింది. "ఇక్కడేం చేస్తున్నావురా?" అన్నాను. "టీ తాగుతున్నా అన్నయ్యా" అన్నాడు. వాడికి టీ పడదు.

ఆసుపత్రికి వెళ్లాం. కుడికంట్లో నరం ఎండిపోయిందట. అది ఇక రాదట. నేను జీవితమంతా కెమెరాకి ఆనించింది ఆ కన్నే. ఎడమకంట్లో పొర ముదిరిందట. అది తీసేసి లోపల లెన్సు పెడతారట. లెన్సు అనేసరికి నేను సర్దుకుని కూర్చున్నాను. "తిరుగుతుందా?" అని అడిగాను. డాక్టరు నీకన్నా నాలుగేళ్లు పెద్దదేమో, నవ్వింది. "తిరగదు తాతగారూ. ఒక దూరానికి పెట్టేస్తాం, ఇక అంతే. దూరంవి బాగా కనపడాలా, దగ్గరవా? రెండోవాటికి కళ్లజోడు పెట్టుకోవాలి. ఇంటికెళ్లి ఆలోచించుకుని చెప్పండి" అంది.

మీ నాన్న దూరమే అంటాడు. "రోడ్డు దాటొచ్చు అన్నయ్యా, గ్రౌండుకి వెళ్లి ఆటలు చూడొచ్చు" అంటాడు. మేస్త్రీ కూడా దూరమే అంటాడు. అతని షాపు ముందు నన్ను మళ్లీ ఎవడైనా గుద్దితే అతనికి చెడ్డపేరట.

ఇంకో పదిహేను రోజుల్లో చేస్తారు. నాకు భయంగా ఉంది. ఉన్నది ఆ ఒక్క కన్ను. ఆమె చెయ్యి చిన్నది, పిల్ల చెయ్యి. ఒకవేళ జారితే నాకు ఇదే ఆఖరి ఉత్తరం, తర్వాతివి మీ నాన్న చేతిరాతతో వస్తాయి, అందులో నా తిట్లన్నీ మెత్తగా చేసేస్తాడు. నాకు భయమని అతనికి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నా పాత ఉత్తరాలు చింపెయ్. ఆ గోలీ, కుస్తీ, సైకిలు ఫొటోలు మాత్రం దాచు. అవి ఎలా ఉన్నాయో నాకు తెలియదు. చూడకుండా తిట్టాను. నువ్వు రింగు తిప్పుకున్నది నా వల్ల. ఇంతకు మించి రాయడం నాకు రాదు.

డాక్టరుకి చెప్పేశాను. దగ్గరే పెట్టమన్నాను. మీ నాన్న నెత్తి బాదుకున్నాడు. గ్రౌండులో ఏం జరుగుతోందో చూడడానికి నువ్వున్నావు. రోడ్డు దాటించడానికి అతనున్నాడు, ఊరికే టీ కొట్టులో కూర్చునే బదులు. కళ్లజోడు అడ్డం పెట్టుకుని నేను ఏనాడూ ఫొటో చూడలేదు, ఇప్పుడు మొదలుపెట్టను.

రిలే ఫొటో పంపు. కట్టు విప్పేటప్పుడు నా చేతిలో ఉండాలి. డాక్టరు మొహం తర్వాత చూస్తాను.

బాగాలేకపోతే బాగాలేదనే రాస్తాను.

పెదనాన్న